సీనియర్ థీసిస్‌లోంచి తీసుకున్న ఆధారాలు తప్పని తేలితే ఏం చేయాలి?

తెలంగాణలో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతున్న లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, విశ్వవిద్యాలయం బయట పెట్టవద్దని కోరారు. ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో చదువుకునే ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు. స్వాతంత్ర్యానికి ముందు వచ్చిన తెలుగు స్త్రీల పత్రికల మీద పరిశోధన. అధ్యాయాలన్నీ అయిపోయాయి, గైడ్ చదివి బాగుందన్నారు. ఇక మిగిలింది పాదసూచికలు, చివర పెట్టే ఉపయుక్త గ్రంథసూచి. 'రెండు మూడు రోజుల్లో అయిపోయే పని అనుకున్నాను. నెలలు గడిచాయి. ఆ ఫైలు తెరవాలంటేనే టెన్షన్ వస్తోంది' అని రాశారు.

ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారట. గైడ్ పాత పద్ధతి చాలంటారు: రచయిత, పుస్తకం, ప్రచురణ, సంవత్సరం. పరిశోధన సలహా సంఘంలోని ఒక సభ్యుడు, ఆధారాలు రాసే ఇంగ్లీషు పద్ధతుల్లో ఒకటైన ఎ.పి.ఎ. పద్ధతిలో లేకపోతే సంతకం పెట్టనన్నారు. కోర్స్‌వర్క్‌లో ఈమెకు నేర్పింది అలాంటిదే ఇంకో పద్ధతి, ఎం.ఎల్.ఎ. రచయిత పేరు 'భండారు అచ్చమాంబ' అని రాయాలా, 'అచ్చమాంబ, భండారు' అని రాయాలా అన్న దగ్గరే ఇద్దరు ప్రొఫెసర్లు రెండు రకాలుగా దిద్దారు. మార్చినప్పుడల్లా డీటీపీ అతను మళ్లీ డబ్బులు అడుగుతున్నాడు. తోటి లెక్చరర్ ఒకరు జాబితా మొత్తాన్ని ఏఐ యాప్‌లో వేసి క్షణాల్లో 'సరిచేసి' ఇచ్చారు. చూడటానికి ముచ్చటగా ఉంది. తర్వాత గమనిస్తే, ఈమె ఎన్నడూ రాయని పుట సంఖ్యలు అందులో కొత్తగా వచ్చి కూర్చున్నాయి.

అసలు బాధ ఉత్తరం చివర్లో ఉంది. పాదసూచికల్లో దాదాపు మూడో వంతు తమ సీనియర్ థీసిస్ చూసి రాసుకున్నవి. అప్పట్లో ఆ పత్రికలు ఈమెకు దొరకలేదు. ఈ సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఒక పాత గ్రంథాలయంలో సరిచూస్తే, రెండు చోట్ల ఆ సంచికలో ఆ వ్యాసమే లేదు. మరోచోట వ్యాసం ఉంది కానీ సీనియర్ ఉటంకించిన వాక్యం లేదు. ఆ సీనియర్ ఇప్పుడు అదే శాఖలో అధ్యాపకుడు, గైడ్‌కు ఇష్టశిష్యుడు. 'నా సినాప్సిస్ దిద్దింది ఆయనే. అన్నా అని పిలుస్తాను. వైవాకు కూడా వస్తారు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగను? గైడ్‌కు చెప్పాలా? తెలియనట్టు ఊరుకోవాలా? వచ్చే ఏడాది గైడ్ రిటైర్ అవుతున్నారు. చివరి పేజీలు ఎవరు చదువుతారు, ఇచ్చెయ్యి అంటున్నారు మావారు. నిద్ర పట్టడం లేదు.'

అమ్మా, మీరు రెండు సమస్యల్ని ఒకే ముడిగా వేసుకుని కూర్చున్నారు. కామా ఎక్కడ, సంవత్సరం ఎక్కడ అన్నది ఒకటి. మీరు చూడని దాన్ని చూసినట్టు రాయడం రెండోది. మొదటిదాన్ని ఎవరో ఒకరు తేల్చి చెబితే వారంలో అయిపోతుంది. మీ నిద్ర పాడుచేస్తున్నది రెండోది. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మీరు ఉత్తరం రాయడమే ఒక మంచి సంగతి. ఎవరూ అడగకుండా, ఎవరూ అనుమానించకుండా, సెలవుల్లో సొంత ఖర్చుతో వెళ్లి పాత సంచికలు తిరగేశారు. పరిశోధకులంతా చేయాల్సిన పనే అయినా చాలామంది చేయరు. మీరు చేశారు కాబట్టే తప్పు దొరికింది. దాన్ని నేరంలా మోయకండి.

పాదసూచిక చదివేవారికి ఒక మాట ఇస్తుంది: నేను దీన్ని ఫలానా చోట చూశాను, కావాలంటే మీరూ వెళ్లి చూడవచ్చు అని. 'హిందూసుందరి, 1902' అని మీరు రాస్తే, ఆ సంచిక మీ చేతుల్లోకి వచ్చిందని చదువరి నమ్ముతారు. రాకపోతే, ఎవరి పుస్తకంలో చూశారో ఆ పుస్తకం పేరు చెప్పాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఎ.పి.ఎ., ఎం.ఎల్.ఎ., చికాగో పద్ధతులు మూడింటిలోనూ దీనికి చోటు ఉంది. ఎ.పి.ఎ.లో అసలు వ్యాసం పేరు మీ వాక్యంలో చెప్పి, పక్కన 'ఫలానావారి గ్రంథంలో ఉటంకితం' అని రాస్తారు. చివరి జాబితాలోకి మీరు స్వయంగా చూసిన ఆ గ్రంథం మాత్రమే వెళ్తుంది. చికాగోలో పాదసూచికలో రెండూ కనిపిస్తాయి: అసలు వ్యాసం వివరాలు, దాన్ని మీరు చూసిన చోటు.

కాబట్టి మొదట మీ పాదసూచికల్ని మూడు రంగుల్లో గుర్తించండి. కాగితం, పత్రిక స్వయంగా పట్టుకుని చూసినవి ఒక రంగు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో చూసినవి ఇంకో రంగు. ఇతరుల పుస్తకంలో మాత్రమే చూసినవి మూడో రంగు. ఈ పని ఒక్క రోజులో అవుతుంది. మూడో రంగు ఎంత ఉందో కళ్లకు కనిపిస్తే భయం తగ్గుతుంది. మూడో వంతు అన్నారు కానీ, విడదీస్తే అందులో సగం మీ వాదనకు అవసరం లేనివే కావచ్చు. అవసరం లేని వాటిని తీసేయండి. జాబితా పొడవు చూసి ఎవరూ డిగ్రీ ఇవ్వరు.

మిగిలిన వాటి కోసం వెతకండి. మీడియా అకాడమీ వారు డిజిటైజ్ చేసి పెట్టిన పాత పత్రికల్లో చూడండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఆర్కైవ్.ఆర్గ్‌లోకి చేరిన స్కాన్లు చూడండి. హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నాయి. సెలవు దొరికితే రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం కూడా. వెళ్లే ముందు ఫోన్ చేసి ఏ సంవత్సరాల సంచికలు ఉన్నాయో కనుక్కోండి, ప్రయాణం వృథా కాకుండా ఉంటుంది. అనుమతి ఇస్తే వ్యాసంతో పాటు సంచిక మొదటి పేజీ కూడా ఫొటో తీసుకోండి. ఇంటికి వచ్చాక ఇది ఏ సంచికది అని వెతుక్కునే బాధ ఉండదు.

స్కాన్ల గురించి ఒక హెచ్చరిక. డిజిటల్ లైబ్రరీలో ఫైలు పేరు పక్కన ఉండే రచయిత, సంవత్సరం చాలాచోట్ల తప్పు. ఎవరో హడావిడిగా ఎక్కించినవి అవి. లోపల అచ్చయిన ముఖపత్రంలో ఏముందో అదే రాయండి. పీడీఎఫ్ చూపించే పేజీ నంబరు, పుస్తకంలో అచ్చయిన పుట సంఖ్య కూడా ఒకటి కావు. మీకు కావాల్సింది అచ్చయిన పుట.

ఇక సీనియర్ దగ్గరకు వద్దాం. ఆయన వ్యాసాన్ని కల్పించారని ఇప్పుడే అనుకోవద్దు. మీ అంశంలో ఇలా జరగడానికి మామూలు కారణాలు చాలా ఉన్నాయి. మొదటిది తెలుగు సంవత్సరం. ఆ కాలపు పుస్తకాల మీద, పత్రికల మీద చాలాసార్లు శుభకృత్, శోభకృత్ వంటి పేర్లే ఉంటాయి. 2022 ఉగాదితో మొదలైంది శుభకృత్. అరవై ఏళ్ల చక్రంలో వెనక్కి వెళ్తే 1962లో, అంతకుముందు 1902లో అదే పేరు. 1902 ఉగాదికి మొదలైన శుభకృత్ 1903 ఉగాది దాకా నడిచింది. కాబట్టి 'శుభకృత్ మాఘం' అన్న సంచిక 1903 జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో వచ్చింది. దాన్ని ఎవరైనా తొందరలో 1902 అని రాసేస్తే, మీరు 1902 ఫైలు మొత్తం తిరగేసినా అందులో కనిపించదు. సంపుటాల లెక్క రెండోది. పత్రిక మొదలైన నెల నుంచి సంపుటం లెక్కిస్తారు కాబట్టి ఒకే సంపుటం రెండు ఇంగ్లీషు సంవత్సరాల్లో పడుతుంది. మూడోది, ఆయన కూడా ఇంకొకరి పుస్తకం చూసి రాసుకుని ఉండవచ్చు. తప్పు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చి ఉండవచ్చు.

అందుకని ఆయన్ని అడిగే ముందు ఇంకొక్కసారి, ఆ తేదీకి అటూ ఇటూ ఏడాది సంచికలు చూడండి. దొరికితే సమస్యే లేదు, మీ పాదసూచికలో సరైన తేదీ రాస్తారు.

దొరకకపోతే మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒక్కో దారిలో ఏమవుతుందో చెబుతాను.

ఊరుకోవడం ఒక దారి. ఇప్పుడు ఎవరికీ కోపం రాదు, నిజమే. కానీ ఇకపై మీ థీసిస్ శోధ్‌గంగలో, అంటే మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు అందరూ చూసేలా ఉంచే వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆయనది కూడా అక్కడే ఉంటుంది. ఒకే అంశం మీద పనిచేసే మరో విద్యార్థి రెండూ పక్కపక్కన తెరుస్తారు. ఒకే తప్పు సంచిక, ఒకే తప్పు పుట రెండింటిలో ఉంటే, ఒకరిది చూసి మరొకరు రాశారని చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఇలాంటివి పట్టదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలికల లెక్కలోంచి గ్రంథసూచిని మినహాయిస్తారు, పది శాతం దాకా పోలికలకు శిక్ష లేదు. ఆ రిపోర్టు శుభ్రంగా రావచ్చు. కానీ పత్రికల చరిత్ర తెలిసిన పరీక్షకులు మెషిన్ కంటే బాగా పడతారు. వైవాలో పరీక్షకులు 'ఈ సంచిక ఎక్కడ చూశారమ్మా?' అని అడిగితే, మీరు నిజం చెప్పాలి, లేదా అబద్ధం చెప్పాలి. మీ ఉత్తరం చదివాక, మీరు అబద్ధం చెప్పగలిగిన మనిషి అని నాకు అనిపించలేదు.

నేరుగా గైడ్‌కు చెప్పడం రెండో దారి. మీ గైడే సీనియర్‌కూ గైడ్. ఆ థీసిస్ మీద సంతకం గైడ్‌దే. ముందే గైడ్ దగ్గరకు వెళ్తే, మీ ఉద్దేశం ఏదైనా, అది ఫిర్యాదులా వినిపిస్తుంది. సీనియర్‌కు తెలిసే సరికి 'నన్ను ఒక్క మాట అడగకుండా సార్‌కు చెప్పింది' అవుతుంది. అప్పుడు గాయపడేది బంధమే, పాదసూచిక కాదు.

సీనియర్‌నే అడగడం మూడో దారి. నా మొగ్గు ఇటే. ఎలా అడుగుతారన్నదే ఇక్కడ ముఖ్యం. 'మీరు తప్పు రాశారు' అనకండి. 'అన్నా, మీ థీసిస్‌లో చెప్పిన ఫలానా వ్యాసం కోసం నేను ఫలానా గ్రంథాలయంలో సంచిక చూశాను, కనిపించలేదు. అటూ ఇటూ ఏడాది కూడా చూశాను. మీ దగ్గర జిరాక్స్ గానీ నోట్స్ గానీ ఉందా?' అని అడగండి. ఇది నిజంగానే ప్రశ్న. వాట్సాప్‌లో రాయకండి, కలిసి మాట్లాడండి, పక్కన ఎవరూ లేనప్పుడు. ఆయన నోట్స్ తీసి ఇవ్వవచ్చు. 'అవునమ్మా, నేనూ ఫలానా పుస్తకం చూసి రాశాను' అని ఒప్పుకోవచ్చు. కసురుకోవచ్చు కూడా. కసురుకుంటే వాదించకండి. 'నాకు దొరకలేదన్నా, అందుకే నా దాంట్లో మీ థీసిస్ ద్వారా అని రాస్తున్నాను' అని చెప్పి వచ్చేయండి. ఆయన థీసిస్‌ను దిద్దే బాధ్యత మీది కాదు. మీ థీసిస్‌లో ఏముందో దానికి మాత్రం మీరే బాధ్యులు.

కొంచెం కష్టమైన సంగతి ఒకటి ఉంది. వ్యాసం ఉంది కానీ వాక్యం లేదన్నారే, ఆ వాక్యం మీ అధ్యాయంలో ఎంత బరువు మోస్తోంది? అలంకారంగా ఉంటే తీసేయండి. దాని మీదే మీ నిర్ధారణ నిలబడి ఉంటే మాత్రం గైడ్‌కు తెలియాల్సిందే, ఎందుకంటే అధ్యాయమే మారుతుంది. అప్పుడు కూడా సీనియర్ పేరుతో మొదలుపెట్టకండి. 'సార్, అసలు వ్యాసం చదివాక ఈ నిర్ధారణ నిలవడం లేదు, ఇలా మారుస్తున్నాను' అని మీ పేజీ చూపించి మాట్లాడండి. ఎలా తెలిసిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. థీసిస్‌లో పాదసూచికగా ఒక్క వాక్యం చాలు: 'ఈ వాక్యం ఫలానా వ్యాసంలోనిదని ఫలానావారు పేర్కొన్నారు, నేను చూసిన సంచికలో లేదు.' అందులో నింద లేదు, సమాచారం ఉంది. మీ తర్వాత వచ్చే పిల్లలకు అది ఎంత పని తగ్గిస్తుందో ఆలోచించండి.

మీ అంశం వల్ల ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆ పత్రికల్లో రాసిన ఆడవాళ్లలో చాలామందికి పుస్తకం లేదు, ఫొటో లేదు, జీవిత చరిత్ర లేదు. ఒక సంచికలో మూడు పుటల వ్యాసం, కింద పేరు, అంతే మిగిలింది. సంచిక నంబరు తప్పయితే ఆ మనిషి మళ్లీ దొరకదు. అందుకే మీ అంశంలో గ్రంథసూచిని చివరి పేజీల తంతుగా చూడలేం. మీవారికి కూడా ఈ మాట చెప్పండి. ఆయన ప్రేమతోనే తొందరపెడుతున్నారు, మీ అలసట చూడలేక. కానీ చివరి పేజీలు ఎవరూ చదవరన్నది నిజం కాదు. అనుభవం ఉన్న పరీక్షకులు చాలామంది ముందు గ్రంథసూచే తెరుస్తారు. ఈ అమ్మాయి ఎక్కడెక్కడ తిరిగింది, ఏమేం చదివింది అన్నది అక్కడే తెలుస్తుంది.

ఏఐ సరిచేసి ఇచ్చిన జాబితాను పూర్తిగా పక్కన పెట్టేయండి. కొన్ని మంచివి ఏరుకుందామని కూడా చూడకండి. మీ పాత ఫైలుకే వెళ్లండి. ఆ యాప్ గ్రంథాలయానికి వెళ్లి చూసి రాదు. ఇలాంటి చోట సాధారణంగా ఏముంటుందో అది పేర్చి ఇస్తుంది. ఖాళీ కనిపిస్తే పుట సంఖ్య, సంపుటం, కొన్నిసార్లు ఏకంగా లేని వ్యాసం కూడా పుట్టిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలా పుట్టిన కోర్టు తీర్పుల్ని నిజమనుకుని జడ్జికి సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. మీ జాబితాలోని ఇంగ్లీషు జర్నల్ వ్యాసాలకు డీఓఐ నంబరు (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే డీఓఐ.ఆర్గ్‌లో వేసి చూడండి, అదే వ్యాసం తెరుచుకోవాలి. 1902 నాటి తెలుగు పత్రిక వ్యాసం పక్కన డీఓఐ కనిపిస్తే అది కల్పితమని అనుమానించాల్సిందే.

ఇప్పుడు పద్ధతి గొడవ. ఏది మంచిదన్న చర్చ కంటే ముందు ఎవరు తేలుస్తారన్నది చూడాలి. మీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ నిబంధనల్లోనో, థీసిస్ నమూనా పుస్తకంలోనో గ్రంథసూచి గురించి ఏమైనా రాసి ఉందా అని పరిశోధన విభాగాన్ని అడగండి, ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో. రాసి ఉంటే గొడవ అక్కడితో ఆగిపోతుంది. లేకపోతే సలహా సంఘం సమావేశంలో ఒక పద్ధతి ఒప్పించి మినిట్స్‌లో రాయించండి. గైడ్‌ను, ఆ సభ్యుణ్ని విడివిడిగా కలిసి ఇద్దర్నీ మెప్పించాలని చూస్తే జీవితాంతం దిద్దుతూనే ఉంటారు.

నా అభిప్రాయం అడిగితే, మీ అంశానికి చికాగో పాదసూచికల పద్ధతి బాగా నప్పుతుంది. పాత పత్రికల చరిత్ర రాసేటప్పుడు సంచిక, నెల, తెలుగు సంవత్సరం, ఎక్కడ చూశారు అన్నవన్నీ చెప్పుకోవాల్సి వస్తుంది. వాటికి పుట కింద చోటు ఉంటుంది. ఎ.పి.ఎ. మనస్తత్వశాస్త్రంలో పుట్టిన పద్ధతి. అక్కడ పరిశోధన ఏ ఏడాదిదన్నది ముఖ్యం కాబట్టి రచయిత పక్కనే సంవత్సరం పెడతారు. అయినా మీ పని దానిలోనూ చక్కగా జరుగుతుంది. పత్రికలకు సంవత్సరంతో పాటు నెల కూడా రాయవచ్చు. సభ్యుడు పట్టుపడితే ఎ.పి.ఎ.కే వెళ్లండి, ఓడిపోయినట్టు కాదు. పాదసూచికలు చాలావరకు వాక్యం చివర బ్రాకెట్లలోకి మారతాయి, పని పెరుగుతుంది. వివరణలు మాత్రం పాదసూచికలుగానే ఉంచుకోవచ్చు. 2019లో వచ్చిన ఎ.పి.ఎ. ఏడో కూర్పులో ప్రచురణ స్థలం తీసేశారు. మీరు మాత్రం పాత పుస్తకాలకు దాన్ని ఉంచుకోండి. చెన్నపట్నంలో అచ్చయిందా, ఏలూరులోనా, రాజమండ్రిలోనా అన్నది మీ చరిత్రలో భాగం. అలా ఉంచినట్టు జాబితా మొదట్లో ఒక గమనిక రాస్తే సరిపోతుంది.

ఏ పద్ధతైనా పాత పుస్తకానికి కూర్పు తప్పనిసరి. కన్యాశుల్కం 1897లో ఒక కూర్పు వచ్చింది, గురజాడ దాన్ని చాలా మార్చి 1909లో మళ్లీ వేశారు. అవి దాదాపు రెండు నాటకాలు. 'కన్యాశుల్కం, పుట 40' అని రాస్తే ఊరు పేరు చెప్పి వీధి చెప్పనట్టే. మీరు చూసింది ఈ మధ్య వచ్చిన పునర్ముద్రణ అయితే మొదటి సంవత్సరం, మీ ప్రతి సంవత్సరం రెండూ ఇవ్వండి. లేకపోతే గురజాడ ఈ శతాబ్దపు రచయిత అయిపోతారు.

పేర్ల సంగతి. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. ఇంగ్లీషు పద్ధతుల్లో కామా పెట్టేది వెనక ఉన్న ఇంటిపేరును ముందుకు తెచ్చినప్పుడు. ముందే ఉన్నదానికి కామా అక్కర్లేదు. చైనా పేర్లకు చికాగో వారు చేసేది కూడా ఇదే. కాబట్టి 'భండారు అచ్చమాంబ' అని రాసి 'భ' కింద పెట్టండి. 'అచ్చమాంబ, భండారు' తప్పు కాదు, పాత గ్రంథాలయ జాబితాల్లో అలా ఉంది, కొందరు ప్రొఫెసర్లు అదే నేర్చుకున్నారు. కానీ ఆ దారిన పోతే వెంకట, లక్ష్మి పేర్లన్నీ ఒకేచోట గుట్టగా పడతాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే పాటించండి. 'శ్రీమతి', 'గారు' జాబితాలో తీసేయండి, అగౌరవం కాదు. కలం పేరుతో అచ్చయితే కలం పేరే రాయండి. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. అచ్చమాంబ పుట్టింటి వారు కొమర్రాజు వారు, కొమర్రాజు లక్ష్మణరావు అక్క ఆవిడ. భండారు మెట్టినింటి పేరు. మీ పత్రికల్లో ఒకే రచయిత్రి పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తర్వాత ఇంకో ఇంటిపేరుతో రాసి ఉండవచ్చు. అలాంటి చోట రెండో పేరు కింద 'చూడండి' అని మొదటి పేరు ఇవ్వండి. ఇంగ్లీషు పుస్తకాలకు కూడా ఇదే జాగ్రత్త. కట్టమంచి రామలింగారెడ్డి ఇంగ్లీషులో సి.ఆర్. రెడ్డి. చూసుకోకపోతే మీ జాబితాలో ఇద్దరు మనుషులవుతారు.

డీటీపీ గురించి. అతను అనూ ఫాంట్లలో చేస్తుంటే కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలుగా తెలియవు, కాబట్టి అకారాది క్రమం అది పేర్చలేదు. మీరు జాబితాను యూనికోడ్‌లో ఇంట్లోనే తయారు చేసుకోండి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక్కసారి వివరాలు ఎక్కిస్తే పద్ధతి మార్చడం క్షణాల పని. రేపు కమిటీ మనసు మార్చుకున్నా మీరు ఏడవక్కర్లేదు. అందులో పేరుకు రెండు గడులు అడుగుతుంది. పక్కనున్న గుర్తు నొక్కి ఒకే గడి చేసి పూర్తి పేరు వేయండి, కామా సమస్య పోతుంది. అయితే పుటల మీద కన్నేసి ఉంచండి, అది మీరు ఎక్కించిందే చూపిస్తుంది. యూనికోడ్ వరుస బడి వర్ణమాల కాదు: అందులో 'ళ' అన్నది 'ల' తర్వాతే వస్తుంది, 'క్ష' కూడా 'క' కిందే చేరుతుంది. చివర్లో ఒకసారి చేత్తో సరిచూసుకోండి.

గైడ్ రిటైర్మెంట్ గురించి అంత కంగారు వద్దు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం రిటైర్ అయినవారు తమ పాత విద్యార్థులకు కో-గైడ్‌గా కొనసాగవచ్చు, 70 ఏళ్లు వచ్చేదాకా. గడువు ఆరేళ్లు, తిరిగి నమోదుతో మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల సడలింపు ఇచ్చే వీలుంది. మీరు పాత నిబంధనల కింద చేరి ఉంటే లెక్క వేరుగా ఉండవచ్చు, పరిశోధన విభాగాన్ని ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇదీ అడగండి. గడువు పొడిగించుకోమని చెప్పడం లేదు. మీ చేతిలో పని నెలా రెండు నెలలదే అనిపిస్తోంది. కానీ భయంతో చూడని ఆధారాలు పెట్టి సమర్పించాల్సినంత తొందర మాత్రం లేదు.

ఈ ఆదివారం పిల్లల్ని మీవారికి అప్పగించి మూడు రంగుల పెన్సిళ్లతో కూర్చోండి. సోమవారం పరిశోధన విభాగానికి మెయిల్ పెట్టండి. సంచికలు ఇంకోసారి వెతికాక అన్నను కలవండి. పద్ధతి మినిట్స్‌లో నమోదయ్యేదాకా డీటీపీ అతనికి ఒక్క కాగితం కూడా ఇవ్వకండి.